యాదగిరి చెప్పిన సారీ

మా లిఫ్టుల కంపెనీలో మెకానిక్‌లు అడిగితే మాన్యువల్స్ వెతికి జవాబిచ్చే ఏఐ ఒకటి ఉంది. ఏ లిఫ్టుకు ఏ సెర్చ్ టూల్ వాడాలో దానికి వివరించి రాసే పని నాది.

ఈ రోజు మధ్యాహ్నం చిలకలగూడ అపార్ట్‌మెంట్ నుంచి మెకానిక్ యాదగిరి ఫోన్ చేశాడు. ఏఐ చెప్పినట్టే రెండు గంటలు కుస్తీ పట్టినా లిఫ్టు కదల్లేదట. మోకాలి ఆపరేషన్ చేయించుకుని వచ్చిన పెద్దావిడ పార్కింగ్‌లోనే కుర్చీలో కూర్చుని ఉందట.

"నువ్వు సరిగ్గా అడిగి ఉండవు" అన్నాను, ఏమీ చూడకుండానే.

"అయ్యుంటది సార్. నాకు జెర చదువు తక్కువ. సారీ సార్, మిమ్మల్ని పరేషాన్ చేసిన."

ఫోన్ పెట్టేశాక అతను ఏఐని ఏమడిగాడో చూశాను. మోడల్ నంబర్‌తో సహా శుభ్రంగా అడిగాడు. పాత లిఫ్టుల టూల్‌కూ, కొత్త లిఫ్టుల టూల్‌కూ నేనే ఒకే వాక్యం కాపీ కొట్టి పెట్టాను: "లిఫ్టు మాన్యువల్స్‌లో వెతుకుతుంది." అక్కడున్నది కొత్త లిఫ్టు. ఏఐ పాత లిఫ్టుల మాన్యువల్స్ తెరిచింది.

సరైన పేజీ పంపితే పది నిమిషాల్లో లిఫ్టు నడిచింది. "మీరు లేకుంటే మస్తు తక్లీఫ్ అయ్యేది సార్" అని మెసేజ్ పెట్టాడు. సిగ్గులేకుండా దానికి థంబ్సప్ బొమ్మ కొట్టాను.

సాయంత్రానికి రెండు టూల్స్‌కూ చెరో పేరా వివరంగా రాశాను. యాదగిరికి రాయాల్సిన ఒక్క వాక్యం దగ్గరే గంట నుంచి కూర్చున్నాను. మీరైతే ఎలా మొదలుపెడతారు?