లాయర్ని నేనేనండీ

బార్ పరీక్ష పాసయ్యాక ఇవాళే మొదటిసారి బందరు కోర్టులో ఒక్కదాన్నే కేసు చూడాల్సి వచ్చింది. మా సీనియర్ గారి కారు గుడివాడ రైల్వే గేటు దగ్గర ఆగిపోయింది. "వాయిదా అడుగమ్మా, చాలు" అన్నారు ఫోన్లో. చాలు అనేశారు గానీ, ఈసారి ఎవరూ రాకపోతే కేసు కొట్టేస్తానని జడ్జి గారు పోయిన వాయిదాలోనే చెప్పారు. పెడన నుంచి వచ్చిన మా క్లయింటు, మగ్గం నేసే పెద్దాయన, నా మొహమే చూస్తున్నాడు.

అటెండరు కేసు పిలవగానే గబగబా వెళ్లి, తలుపు పక్కన పార్టీల గుంపులో చేతులు కట్టుకుని నిలబడ్డాను. మా పొలం గట్టు తగాదాలో పదకొండేళ్లు నేను నిలబడింది అక్కడే. ఆ కసితోనే లా చదివాను.

జడ్జి గారు తలెత్తారు. గుంపులో నా నల్లకోటు ఆయనకు కనపడలేదు.

"నీ లాయరేడమ్మా?"

"లాయర్ని నేనేనండీ."

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"మరి అక్కడున్నారేంటండీ? ముందుకు రండి."

వాయిదా దొరికింది. అన్నేళ్లలో ఆ హాల్లో నన్ను 'రా' అన్నవాళ్లే గానీ, 'రండి' అనడం ఇవాళే విన్నాను. ఇలా అలవాటుకొద్దీ పాత చోట్లోకే వెళ్లి నిలబడ్డవాళ్లు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి, నాకు కాస్త సిగ్గు తగ్గుతుంది.