గురి తప్పితే ఒక చుట్టు

బర్మాలో, పజుండౌంగ్ పేటలోని మా ఇంట్లో మంచు అంటే ఫ్రిజ్‌లో గడ్డకట్టేదే, అదీ కరెంటు ఉన్నంతసేపు. అలాంటి ఇంట్లో ఈ మధ్య ముగ్గురం ఒక ఫోను ముందు కూర్చుని అంతర్జాతీయ జూనియర్ బయాథ్లాన్ పోటీలు చూశాం. నేను, మా అక్క, నర్సింగు శిక్షణలో ఉన్న మేనకోడలు. పెట్టింది మేనకోడలే.

ప్రాక్టికల్ పరీక్షలో రోగి చేతినుంచి రక్తం తీయాల్సి వచ్చినప్పుడు ఆ పిల్ల చెయ్యి వణికి తప్పింది. ఇక మిగిలింది ఒక్క అవకాశం. అదీ పోతే శిక్షణ నుంచి బయటికే. మా అక్క ఆ వణుకుకి ఏలినాటి శని అని పేరు పెట్టేసింది. శనివారాలు నవగ్రహాల చుట్టూ తిరిగితే పోతుందంది.

"శనికి నీ కూతురి వేళ్ళతో ఏటి పని? వేరే ఉద్యోగం నేదా?" అన్నాను.

"నీకూ నాన్నకీ నోరే పెట్టుబడి. ఊరుకోరా."

నాన్న నడిపిన హేతువాద చర్చాసంఘంలో గ్రహాల మీద వాదిస్తూ పెరిగాను నేను. ఆ సంఘానికి వచ్చినవాళ్ళకి టీలు అందిస్తూ పెరిగింది అక్క. మా వాదనలు తనకి ఎందుకు ఎక్కలేదని మేం ఎన్నడూ చర్చించలేదు.

పోటీ ఇదీ. కాళ్ళకి స్కీలు, వీపున తుపాకీ. మంచుకొండలు ఎక్కి దిగి, గుండె దడదడలాడుతుండగానే వచ్చి అయిదు చిన్న నల్ల బిళ్ళల్ని కొట్టాలి. తగిలితే బిళ్ళ తెల్లబడుతుంది. తప్పిన ప్రతిదానికీ పక్కనున్న చిన్న బాటలో ఒక చుట్టు తిరిగి రావాలి.

అక్క పకపకా నవ్వింది. "సూడ్రా! గురి తప్పితే తెల్లోళ్ళకీ పదచ్చినాలే! ఏటంటావిప్పుడు?"

"అది జరిమానా అక్కా. తిరిగితే గురి రాదు. టైం పోద్దంతే."

"నువ్వు తిరగవు కదా, నీకు గురెక్కడుంది?"

మేనకోడలు మమ్మల్ని పట్టించుకోలేదు. "ఆ పిల్లని సూడండి," అంది.

నిలబడి కాలుస్తున్న ఒక అమ్మాయి మొదటి రెండూ తప్పింది. పక్కవాళ్ళు కాల్చేసి వెళ్ళిపోతున్నారు. ఆమె తొందరపడలేదు. తుపాకీ కాస్త దించి, ఊపిరి వదిలి, మళ్ళీ ఎత్తింది. మిగతా మూడూ తగిలాయి. రెండు చుట్లూ తిరిగి, బాగా వెనకబడి ముగించింది.

ఆ శనివారం మేనకోడలు గుడికి బయల్దేరింది. నాకు ఒళ్ళు మండింది. "నువ్వూనా?" అన్నాను.

"యబాడే మావయ్యా," అని బర్మీలో పరవాలేదంటూ వెళ్ళింది. గుడి మా వీధి చివరే. కాసేపటికి పూజారిగారు అక్కకి ఫోన్ చేశారు. మీ అమ్మాయి గ్రహాల చుట్టూ పరుగులు పెడుతోంది, మిగతావాళ్ళు పక్కకి తప్పుకోవాల్సి వస్తోంది అని. ఆయన మాట పూర్తికాకముందే ఆ పిల్ల మా మేడ మెట్లన్నీ ఎక్కి, రొప్పుతూ లోపలికి వచ్చింది.

"మావయ్యా, సెయ్యి ఇయ్యి. బేగి!"

కొత్త సూది, రబ్బరు పట్టీ, దూది ముందే బల్లమీద పెట్టి వెళ్ళింది. అదురుతున్న గుండెతోనే నా నరం వెతికి, సూది దగ్గరికి తెచ్చి ఆగింది. ఊపిరి వదిలింది. గుచ్చింది. తప్పింది.

"దేవుడా!" అన్నాను.

అక్క ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

తర్వాతి శనివారాలూ అంతే. పరుగు, మెట్లు, నా చెయ్యి. పరీక్ష నాటికి మోచేతి లోపల నీలం మచ్చలు ఉన్నాయి గానీ, కొత్తవి పడడం మానేశాయి.

పాసైంది.

"శని వదిలిందమ్మా," అంది అక్క.

"వదిలింది వణుకు. వదిలించింది నా చెయ్యి," అన్నాను గట్టిగా. చొక్కా చెయ్యి మడిచి సాక్ష్యం చూపించాను కూడా.

మేనకోడలు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "తిరగడం తిరిగాను, గుచ్చడం గుచ్చాను. ఏది పనిసేసిందో తేల్చాలంటే మళ్ళీ పెయిలై, ఒక్కోటీ ఇడిగా సేసి సూడాలి. అవ్వమంటారేటి?"

పద్ధతి ప్రకారం ఆ పిల్ల చెప్పిందే సరి. అక్కా నేనూ ఒకేసారి వద్దన్నాం.