డాంగిల్ లేని రౌటర్

దెయ్యాల మాటెత్తితే మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. లైటు ఆరితే ఫ్యూజు చూస్తాను. తలుపు కొట్టుకుంటే గడియ చూస్తాను. ప్రత్తిపాడులో కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నదాన్ని, ప్రతిదానికీ వెనకాల ఎక్కడో ఒక వైరు ఉంటుందని నమ్మేదాన్ని. ఎవరినీ భయపెట్టాలని ఇది చెప్పడం లేదు.

మా సెంటర్ చర్చి వెనక వీధిలో ఒక పెంకుటింటి ముందుగది. అప్పటికి మా వీధికి కేబుల్ నెట్ రాలేదు. అందుకని సిమ్ వేసిన డాంగిల్‌ను రౌటర్ వెనక గుచ్చి, అక్కడినుంచి ఒక్కో కంప్యూటర్‌కీ వైరు లాగాను. ఒక్క సిమ్ మీద గదిలో ఉన్నవన్నీ నడిచేవి. సెట్టింగులన్నీ నావే, ఎవరి సాయమూ తీసుకోలేదు. ఆ పాత కంప్యూటర్లకు వైఫై లేదు. రౌటర్‌లో సిమ్ పెట్టుకునే చోటూ లేదు. నెట్ రావాలంటే ఆ డాంగిల్ ఒక్కటే దారి. పిల్లల చేతులు తగలకుండా రౌటర్‌ను పై అరలో పెట్టాను.

నిరుడు వానాకాలంలో ఒకరోజు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకోవడానికి ఆ రోజే ఆఖరు. తెల్లారేసరికి గాలివాన. కరెంటు పోయింది, ఊళ్లో ఎవరి ఫోన్‌కీ సిగ్నల్ లేదు. తలుపు తీసేసరికి నా దగ్గర చదువుకున్న కీర్తన, వాళ్లమ్మ రూతమ్మ తడిసి ముద్దై అరుగు మీద నిలబడి ఉన్నారు. రూతమ్మ పత్తి చేలల్లో కూలికి వెళుతుంది.

"సుమతి గారూ, ఇయ్యాల దాటితే పిల్లకి సంవత్సరం పోయిద్దంటండి. గుంటూరు పోదామంటే వాగు పొంగింది, బస్సుల్లేవు."

"ఫోన్లే చచ్చిపడి ఉన్నాయి రూతమ్మా. చూద్దాం, లోపలికి రండి," అన్నాను. ఆశ పెట్టుకోలేదు.

ఇన్వర్టర్ మీద రౌటర్, కంప్యూటర్లు వేశాను. సైట్ తెరుచుకుంది. మామూలుగా చక్రం తిరిగి తిరిగి వచ్చే పేజీ, నొక్కగానే వచ్చింది. కీర్తన నా మొహం చూసి నవ్వింది. కబురు తెలిసి ఇంకో ఇద్దరు పిల్లలు పరుగున వచ్చారు. ముగ్గురూ మూడు కంప్యూటర్ల దగ్గర కూర్చుని కాలేజీలు పెట్టుకున్నారు, ప్రింట్లు తీసుకున్నారు. మా ఫోన్లకు మాత్రం అప్పటికీ సిగ్నల్ లేదు. డాంగిల్‌లో ఉన్నది వేరే కంపెనీ సిమ్. దాని టవర్ నిలబడి ఉంటుందని అనుకున్నాను. అందులో నాకు అనుమానమేమీ లేదు.

మర్నాడు మధ్యాహ్నం మా ఆయన చీమకుర్తి నుంచి వచ్చాడు. అక్కడ ఒక గ్రానైట్ యూనిట్‌కు లెక్కలు చూసిపెడతాడు. బ్యాగులోంచి డాంగిల్ తీసి బల్ల మీద పెట్టాడు.

"మొన్న సాయంత్రం వెళ్లేటప్పుడు పట్టుకుపోయా. చెప్పడం మర్చిపోయా. నిన్నంతా దీంతోనే పని."

"ఏ డాంగిల్?"

"మనకి ఎన్ని ఉన్నాయే?"

స్టూలెక్కి చూశాను. రౌటర్ వెనక ఖాళీ. కంప్యూటర్ వేస్తే మోడెమ్, అంటే ఆ డాంగిల్, లేదని చూపించింది. ఏ పేజీ తెరిచినా రాలేదు. డాంగిల్ గుచ్చితే నెట్ వచ్చింది, తీస్తే పోయింది. ఎన్నిసార్లు చేసినా అంతే.

వెంటనే కీర్తనను పిలిపించాను. తన లాగిన్ తెరిచింది. పెట్టుకున్న కాలేజీలన్నీ పెట్టిన వరసలోనే ఉన్నాయి. అంటే పాత పేజీలేవో తెర మీద కనిపించడం కాదు, పిల్లలు నొక్కింది నిజంగానే చేరింది. ఇంకెవరైనా వేరే డాంగిల్ పెట్టి తీశారా అనుకుందామంటే, గది తాళంచెవి నా కొంగుకే ఉంది. పక్కింటి వైరు అనుకుందామంటే పక్కిళ్లలో ఎవరికీ నెట్ లేదు. మా ఆయన మొదట నవ్వాడు. ప్రింట్లు చూశాక నవ్వలేదు. రౌటర్ దించి, ముందూ వెనకా తిప్పి చూసి, మళ్లీ పైన పెట్టాడు.

రూతమ్మకు చెబితే ఏమీ ఆశ్చర్యపోలేదు. "దేవుడిచ్చాడమ్మా. దానికి మళ్లీ వైరెందుకు?" అంది. కంప్యూటర్లు బాగుచేసే ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. డాంగిల్ ఉండే ఉంటుంది, నువ్వు చూసుకోలేదన్నారు. అది చీమకుర్తిలో ఉందంటే మాట మార్చారు.

కీర్తనకు సీటొచ్చింది, ఇప్పుడు రెండో సంవత్సరం. వాళ్ల చెల్లెలు నా దగ్గర చేరింది. మొన్న క్లాసులో రౌటర్ బొమ్మ గీసి, డాంగిల్ లేకపోతే నెట్ రాదని చెప్పాను. ఆ పిల్ల లేచి నిలబడింది.

"మరి మా అక్కకి వచ్చింది కదండీ?"

క్లాసంతా నా వైపు చూసింది. "వచ్చిందమ్మా," అన్నాను. "ఎలా వచ్చిందో నాకు తెలియదు."