కారుకి ఉలవలు

మా ఆయన కారుకి ప్రీమియం పెట్రోలు కొట్టించడం మొదలుపెట్టింది మా బావగారి పుణ్యమా అని. బావగారంటే మా అక్క భర్త. విశాఖలో ఉంటారు, పెద్ద కారు ఉంది. ఓసారి చోడవరంలో మా ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి బంకుకి వెళ్ళారట. అక్కడ బావగారు ఆ ఖరీదైన పెట్రోలు పోయించుకుంటూ, "నా బండికి ఇదే పోయాలి తమ్ముడూ, మామూలుది పడదు" అన్నారట. అది నిజమే. ఆ కారు ఇంజను అందుకోసం చేసిందే. మాది సెకండ్ హ్యాండులో కొన్న చిన్న కారు, మామూలు పెట్రోలుతో నడవడానికి చేసిన బండి. ఆ సంగతి పెట్రోలు మూత లోపలి స్టిక్కరు మీద రాసి ఉంది. చదివే ఓపిక ఎవరికుంది?

అసలు కారణం బావగారు కూడా కాదు, ఉలవలు. మా అత్తవారిది రావికమతం దగ్గర పల్లె, చెరకు రైతులు. చెరకు బండి ఫ్యాక్టరీకి తోలుకెళ్ళే ముందు ఎడ్లకి ఉలవలు ఉడకబెట్టి పెట్టేవారట. మా ఆయన సర్కారీ ఆఫీసులో కుర్చీ ఎక్కినా బుర్రలోంచి ఆ ఎడ్లు దిగలేదు. అన్నవరం వెళ్ళాలన్నా, ఎవరింట్లోనో పెళ్ళికి వెళ్ళాలన్నా, ముందు రోజు సాయంత్రం కారుని బంకుకి తీసుకెళ్ళి ట్యాంకు నిండా ప్రీమియం పోయించుకొచ్చేవారు.

"బరువు లాగే ముందు బలమైన తిండెట్టాలే. ఉలవలు తిన్న ఎద్దు ఎత్తు కాడ మోకాళ్ళేస్తాదేటి?" అనేవారు.

ఇదీ ఆయన ఇంజనీరింగు. నేనేమో రోలుగుంట హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పేదాన్ని. ఓ రోజు అన్నం వడ్డిస్తూ, క్లాసులో చెప్పినట్టే ఓపిగ్గా చెప్పాను.

"ఏవండీ, ఆ ప్రీమియంలో ఎక్కువుండే ఆక్టేన్ అంటే బలం కాదు, ఓర్పు. ఇంజను లోపల ఎంత గట్టిగా నొక్కినా, నిప్పురవ్వ పడేదాకా తనంతట తాను మండిపోకుండా ఓర్చుకోవడం. పెద్ద ఇంజను గట్టిగా నొక్కుతుంది, దానికా ఓర్పు కావాలి. మన ఇంజను అంత నొక్కదు. మనకది దండగ."

ఆయన పులుసు కలుపుకుంటూ, "బళ్ళో పిల్లగుంటలకి సెప్పుకో ఇవన్నీ. బండి సంగతి నీకేటి తెలుస్తాది?" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో పిల్లలందరికీ నేను చెప్పిందే వేదం. టెన్త్ తప్పినవాళ్ళ అమ్మానాన్నలు కూడా నా మాట కోసం గుమ్మంలో నిలబడతారు. నా ఇంట్లో మాత్రం నా చదువు పప్పు పొయ్యి మీద పెట్టేవరకే.

కొన్నాళ్ళకి కారు కుదుపులు మొదలుపెట్టింది. ఎత్తు ఎక్కేటప్పుడు వెక్కిళ్ళు పట్టినట్టు ఆగి ఆగి లాగేది. బాగా వేడెక్కితే ఉన్నట్టుండి నీరసించేది. "మెకానిక్‌కి చూపించండి, స్పార్క్ ప్లగ్గో, ఇగ్నిషన్ కాయిలో పోతున్నట్టుంది. లోపల నిప్పురవ్వే సరిగ్గా పడకపోతే ఏ పెట్రోలు పోసి ఏం లాభం?" అన్నాను. చూపించలేదు సరికదా, అప్పటిదాకా ప్రయాణాలకి మాత్రమే పోయించే ప్రీమియం ఇక రోజూ పోయించడం మొదలుపెట్టారు. "నీరసపడింది పాపం. నాలుగు దినాలు మంచి తిండి పడితే అదే లేస్తాది" అని దాని బానెట్టు మీద చెయ్యి వేసి నిమిరారు కూడా. నాకు జ్వరం వచ్చినప్పుడు నా నుదుటి మీద అంత ప్రేమగా ఆ చెయ్యి పడిన గుర్తు లేదు.

ఇలా ఉండగా నాకు హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది. విశాఖలో కౌన్సెలింగు. సీనియారిటీ ప్రకారం ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తారు, ఖాళీల్లోంచి నచ్చిన బడి కోరుకోవాలి. పిలిచినప్పుడు లేనివాళ్ళకి అందరూ కోరుకోగా మిగిలింది ఇస్తారు. నా పేరు పైనే ఉంది. ఖాళీల్లో మా ఇంటి వెనక వీధి బడి ఉంది.

ఆ బడి కోసం నేను ఎంత ఆశపడ్డానో చెప్తే నవ్వుతారు. రోలుగుంట షేర్ ఆటోల్లో సగం ఒళ్ళు బయట పెట్టి వేలాడుతూ నా సర్వీసంతా గడిచిపోయింది. నా మోకాళ్ళు అక్కడే అరిగాయి. ఇంట్లో కారుండీ ఆటోలేమిటంటే, అది ఆయన ఆఫీసు ముందు నీడన ఉండాలి కదా! రిటైరయ్యేలోగా కొన్నాళ్ళయినా బడికి నడిచి వెళ్ళాలని, మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడన్నం తినాలని, అంతే నా కోరిక.

"తొలి బస్సుకి వెళ్ళిపోతానండీ" అన్నాను.

"ఇంట్లో కారెట్టుకుని పెద్ద మేడమ్మ బస్సుకెల్తే నలుగురూ ఏటనుకుంటారే? నీ కోసమని నిన్ననే ఫుల్ ట్యాంకు కొట్టించేను. ఇశాపట్నం దాకా గాల్లో తేలిపోద్ది, సూడు" అన్నారు. వద్దంటే ఆయన ముఖం మాడిపోతుంది, శుభమా అని వెళ్తూ ఇంట్లో గొడవెందుకని కారెక్కాను.

సబ్బవరం ఇంకా రాకుండానే కారు రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. ఆయన తాళం తిప్పుతారు, అది మూలుగుతుంది. దిగారు, బానెట్టు ఎత్తారు, లోపలికి చూశారు. ఎండలో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని ఆయనన్న మాట చచ్చేదాకా మర్చిపోను.

"ఇదేటే? ఫుల్ ట్యాంకు ప్రీమియం కదే!"

ఫైలు చంకన పెట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తాను. వచ్చిన మొదటి బస్సు నిండిపోయి ఆపకుండా వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు ఎంతకీ రాలేదు. వచ్చినదాంట్లో నిలబడి, ఫైలు గుండెకి అదుముకుని, దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ వెళ్ళాను. హాల్లో అడుగుపెట్టేసరికి నా పేరు దాటిపోయింది. నాకంటే చిన్నావిడ ఒకామె ఎదురొచ్చి, "మేడమ్, మూడు మాట్లు పిలిచేరండీ. మీరు రాలేదని ఆ బడి నేను పెట్టుకున్నాను" అంది. ఆమె తప్పేముంది? బాగుండమ్మా అన్నాను. బాత్రూములోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

చివరికి నాకు మిగిలింది మాడుగుల దాటి, ఏజెన్సీ అంచున ఉన్న బడి. బస్సు దిగాక మళ్ళీ ఆటో.

కారుని తాడు కట్టి లాక్కొచ్చారు. కాయిలు మాడిపోయిందని మెకానిక్ కొత్తది వేశాడు. బండి లేచి కూర్చుంది. ఆ ఆదివారం మా బావగారు నన్ను ఓదార్చడానికి వచ్చి, మాటల్లో కారు సంగతి విని నవ్వారు.

"నీ బండికి ఆ పెట్రోలెందుకయ్యా తమ్ముడూ? ఆక్టేన్ ఎక్కువంటే బలం కాదు. నొక్కుడికి ఓర్చుకుంటుంది, అంతే. నీ చిన్న ఇంజనుకి దండగ."

నేను టీ కప్పులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. మా ఆయన కళ్ళు పెద్దవి చేసుకుని, ఎంతో వినయంగా తలూపారు.

"అలాగా అన్నయ్యా! ఇన్నాళ్ళూ నాకెవరూ సెప్పనేదు."

కప్పులు బల్ల మీద పెట్టాను. పగలగొట్టలేదు. అవి మా అమ్మ ఇచ్చినవి.

ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా ఆయనే ఆక్టేన్ పాఠం చెప్తున్నారు. నొక్కుడు, ఓర్పు, దండగ, అన్నీ నా మాటలే. "మీవారికి సైన్సు బాగా తెలుసండీ" అని ఓ పెద్దమనిషి నాతోనే అన్నాడు.

మాడుగుల బస్సు మా వెనక వీధి చివర, ఆ బడి గేటు ఎదురుగానే ఆగుతుంది. రోజూ పొద్దున్నే అక్కడ నిలబడతాను. అప్పటికి పిల్లలింకా రారు, ఆయా గేటు ముందు ఊడుస్తూ ఉంటుంది. మొన్న మా ఆయన కారు తెచ్చి నా పక్కన ఆపారు. అద్దం దించి, చాలా మెత్తగా అన్నారు:

"ఎక్కవే, దింపేస్తాను. కాయిలు కొత్తది. మామూలు పెట్రోలే కొట్టిస్తన్నాను, అదే సరిపోతాది మన బండికి."

"అలాగా! నాకెవరూ చెప్పలేదే" అన్నాను.

బస్సొచ్చింది. ఎక్కేశాను.