అమ్మ గొంతుకు సరిపోయే హెడ్‌ఫోను

ఎమ్మిగనూరులో మా వీధిలో పాట వినాలంటే అమావాస్య రావాలి. మిగిలిన రోజుల్లో వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా మగ్గాలదే మోత. దాని మీద మనుషులు అరుచుకుంటూ మాట్లాడుకుంటారు. పెళ్లయి కాపురానికి వచ్చిన కొత్తలో, అత్తగారింట్లో అందరికీ నా మీద కోపం కాబోలు అనుకున్నాను. వాళ్లు తిట్టడం లేదనీ, మజ్జిగ పోయమంటావా అని అడుగుతున్నారనీ అర్థం కావడానికి కొన్నాళ్లు పట్టింది.

మగ్గం నాకు కొత్త కాదు. మా పుట్టిల్లు కోసిగి. అక్కడా నేతపనే. కాకపోతే మా నాన్నది ఒకే ఒక్క మగ్గం. అత్తగారింట్లో మూడు. ఒక్క మగ్గం ఆడే ఇంట్లో పాట బతుకుతుంది. మూడు ఆడే ఇంట్లో మనిషి ఆలోచన కూడా మనిషికి వినపడదు.

మా అమ్మ పాడేది. నాన్న మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తూ ఉంటే, ఆమె పక్కనే రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతూ పాడేది. ఆ పాటలు సగం కన్నడం, సగం తెలుగు. ఎవరు కట్టారో, తను ఎవరి దగ్గర నేర్చుకుందో ఆమెకే తెలియదు. గొంతు తీయనిదేమీ కాదు. ఎండుమిరపకాయలు దంచుతూ మాట్లాడే మనిషి గొంతులా కొంచెం బొంగురుగా ఉండేది. అయినా పెళ్లయి వచ్చాక నాకు బెంగంతా ఆ గొంతు మీదే. అమ్మ చేతి తిండి మీద కూడా అంత బెంగ లేదు.

ఎనభైల మొదట్లో మా ఆయన ఒక టేప్ రికార్డర్ కొన్నాడు. ఒకే స్పీకరుది, పైన మోయడానికి పిడి ఉండేది. అది ఇంటికి వచ్చిన రోజే నాకు ఆశ పుట్టింది, అమ్మ పాటలు పట్టి తెచ్చుకోవాలని. ఏ రోజు పట్టాలన్నదాని మీద మా ఇంట్లో పెద్ద చర్చే జరగలేదు. అమావాస్య నాడు నేత నేయకూడదు, ఊళ్లో మగ్గాలన్నీ ఆగుతాయి, చప్పుడుండదు. ఇంతకంటే మంచి ముహూర్తం ఏముంటుంది? నేత ఇళ్లల్లో పుట్టిన ఎవరైనా ఇలాగే లెక్క వేస్తారు.

ఆ అమావాస్యకు ఇద్దరం బస్సెక్కి కోసిగి పోయాం. అమ్మ తలకు పోసుకుని, ఫొటోకి కూర్చున్నట్టు కొత్త చీర కట్టుకుని కూర్చుంది. మగ్గానికి పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి. మా ఆయన బటన్ నొక్కాడు. అమ్మ నోరు తెరిచి ఒక చరణం ఎత్తుకుంది, ఆగిపోయింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ ఆగింది.

"మొగమాటపడొద్దు అత్తా, ఈడ ఉండేది మేమే కదా" అన్నాడు మా ఆయన.

"మొగమాటం కాదప్పా" అంది అమ్మ. "మగ్గం ఆడకుంటే నాకు పాట యాడొస్తాది?"

నాన్న నవ్వుతూ మగ్గం చెక్క మీద అరచేత్తో తట్టి చూశాడు. దానికి అమ్మకు నవ్వు వచ్చిందే గానీ పాట రాలేదు. సాయంత్రం దాకా అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. బస్సు ఖర్చులు పెట్టుకుని ఇంత దూరం వస్తే ఈమె నవ్వుతూ కూర్చుంటుందేమిటని విసుక్కున్నాను. మర్నాడు మా మగ్గాలు మొదలవుతాయి, ఉండడానికి వీల్లేదు. చివరికి మా ఆయనే దారి చెప్పాడు. రికార్డర్ అక్కడే పెట్టేసి, "రేపు నీ పని నువ్వు సేసుకుంటా ఈ రెండు బటన్లూ ఒకేసారి ఒత్తు అత్తా, దాని పని అదే సేసుకుంటాది" అని నేర్పించాడు. అమ్మ మరిచిపోకుండా ఆ రెండు బటన్లకూ కుంకుమ బొట్లు పెట్టుకుంది.

వారం తిరగకముందే నాన్న రికార్డర్ తెచ్చి ఇచ్చాడు. బొట్లు అలాగే ఉన్నాయి. మా ఆయన తుడవబోతే నేను తుడవనివ్వలేదు.

ఆత్రంగా పెట్టుకుని విన్నాను. ఏముంది? మగ్గం టకటకలు. మా ఇంటి మగ్గాల మోత ఒకటి, టేపులో నాన్న మగ్గం మోత ఒకటి, ఏది ఏదో తెలియదు. ఆ రెంటి వెనక ఎక్కడో అమ్మ. అమావాస్య దాకా ఆగి నిశ్శబ్దంలో పెట్టుకున్నా టేపులోని మగ్గం ఆగదు కదా. మధ్యలో ఒకచోట మాత్రం ఆగుతుంది. పోగు తెగినట్టుంది. మగ్గంతోపాటు అమ్మ పాటా ఆగిపోతుంది. అక్కడ స్పీకరులో బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ లేదు. తర్వాత మగ్గం మొదలవుతుంది, అమ్మా మొదలుపెడుతుంది. కానీ అక్కడి నుంచి ఆమె గొంతు ఎందుకో చిరిగినట్టు, అరిచినట్టు ఉంటుంది. అలసిపోయిందేమో అనుకున్నాను. ఇంకోసారి తీరిగ్గా బాగా పట్టుకుందాంలే అనుకుని క్యాసెట్టు గూట్లో పెట్టాను.

ఆ తీరిక రాలేదు. అమ్మ జ్వరంతో పడింది, మళ్లీ లేవలేదు.

తర్వాత ఆ క్యాసెట్టే నాకు అమ్మ. అమావాస్య వస్తుందంటే ముందు రోజు నుంచే మనసు దాని చుట్టూ తిరిగేది. వీధిలో రేడియోల్లో సినిమా పాటలు మోగుతూ ఉంటే నేను స్పీకరుకు చెవి ఆనించి మగ్గం వెనక అమ్మను వెతుక్కునేదాన్ని. ఆ బుస్సుమనే చోటు రాగానే ముందుకు తిప్పేసేదాన్ని. పాట లేని టేపు అరిగిపోతే నష్టం లేదు గానీ, అమ్మ కోసం వెతికే సమయం దండగ కదా అని. ఒకసారి టేపు మిషన్లో చుట్టుకుపోతే, దాన్ని విడదీసి పెన్సిలుతో ఒక్కో చుట్టే లోపలికి తిప్పాను. తెగిన పోగు అతకడం చిన్నప్పుడే నేర్చుకున్నాను గానీ టేపు తెగితే ఏం చేయాలో నాకు తెలియదు.

అటువంటి రోజుల్లో, నేసిన తువ్వాళ్ల మూటలు షావుకారుకు వేయడానికి మా ఆయనతో ఆదోని పోయాను. స్టేషను రోడ్డులో ఒక రేడియో షాపు ఉంది. బయట పత్తి లారీల హారన్లు, రిక్షాల గంటలు, హమాలీల కేకలు. ఆ రొదలో షాపతను రెండు చెవులనూ మూసేసే పెద్ద నల్లటి గిన్నెల్లాంటివి తగిలించుకుని కళ్లు మూసుకుని కూర్చున్నాడు. బజార్లోనే ఉన్నాడు గానీ బజారు అతనికి లేదు. నేను అక్కడే నిలబడిపోయాను. నాకు కావలసింది అదేనని చూసిన క్షణమే తెలిసింది.

అప్పటికి చీటీ ఎత్తిన డబ్బు ఇంట్లో ఉంది. అది ఫ్యాను కోసమని మా ఆయన ఎప్పుడో అనుకుని పెట్టుకున్నాడు.

"సెవులకి గిన్నెలు పెట్టుకునేదానికి అంత దుడ్డా?" అన్నాడు. "ఫ్యానైతే ఇంట్లో అందరికీ గాలి. ఇది నీ ఒక్కదానికే కదా."

"ఫ్యాను మాయమ్మ మాదిరి పాడతాదా?" అన్నాను.

వేసవి ఇంకా రాలేదు కాబట్టి నేను గెలిచాను. రెండోసారి ఆదోని పోయినప్పుడు రికార్డరు, క్యాసెట్టు గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని తీసుకుపోయాను.

షాపతను మంచివాడే గానీ మాటకారి. "ఏం పాటలు ఇంటారక్కా? డాన్సు పాటలా, భక్తి పాటలా? దాన్ని బట్టే ఇయ్యాల" అన్నాడు. నా క్యాసెట్టు ఇచ్చాను. ముందు అతను సన్నటి కడ్డీకి స్పంజి బిళ్లలున్న హెడ్‌ఫోను జత తగిలించాడు. చవక, తేలిక, రికార్డరుకే నేరుగా తగిలించుకోవచ్చు. అందులో లారీ హారన్లే అమ్మకంటే బాగా వినపడ్డాయి. తర్వాత కొత్తగా తళతళలాడే పెద్ద జత తీశాడు. సినిమా పాట వేసి మా ఆయన చెవులకు పెడితే, ఆయన తల ఊపుతూ ఫ్యాను సంగతే మరిచిపోయాడు. నేను నా క్యాసెట్టు పెట్టించుకున్నాను. మగ్గం వచ్చి నా గుండెల మీద ఆడింది. అమ్మ దాని కింద పడిపోయింది. "మగ్గం మోతే ఇనపడతాంది, మాయమ్మ ఇనపడలే" అన్నాను.

"దానికేమక్కా, బేస్ తగ్గించేస్తే సరి" అని, అతను తనే రేకు డబ్బాలో బిగించుకున్న ఆంప్లిఫయర్ ఒకటి ముందు పెట్టి ఒక మీట తిప్పాడు. మగ్గం మాయమైంది. గొంతు ఒక్కటే మిగిలింది. ప్రతి అక్షరం తెలుస్తోంది. కానీ ఆ గొంతు ఎవరిదో! మగ్గం తీసేస్తే మా అమ్మలో ఉండే బరువంతా దాంతోపాటే పోయింది. ఎవరో పరాయి ఆవిడ టెలిఫోనులో పాడుతున్నట్టుంది.

"వద్దు, మగ్గం కావాల" అన్నాను.

"అరె అక్కా! మగ్గం వద్దంటే తీసేస్తిని. ఇప్పుడేమో కావాలంటాండావు. ఏం కావాలో ఒకటి సెప్పు."

"మగ్గమూ కావాల, మాయమ్మా కావాల. రెండూ యాడివి ఆడ ఉండాల."

అతను నన్నూ మా ఆయన్నీ మార్చి మార్చి చూసి, బల్ల కింది నుంచి తను పెట్టుకునే పాత జత తీశాడు. బొంబాయి నుంచి ఎవరో తెచ్చినదట. తోలు అక్కడక్కడా ఊడింది. ముందు రికార్డరుకు నేరుగా తగిలించి చూపించాడు. దోమ పాడినట్టు వచ్చింది. "దీన్ని లాగేదానికి నీ రికార్డరుకు సత్తువ సాలదు, వెనక ఆంప్లిఫయర్ ఉండాల్సిందే" అని దానికి కలిపి, మీటలు రెంటినీ సరిగ్గా నడిమధ్యన పెట్టాడు. "దేన్నీ పెంచొద్దు, దేన్నీ తగ్గించొద్దు. ఇను" అన్నాడు. కమ్మలు గుచ్చుకుంటుంటే తీసి కొంగున ముడి వేసుకుని, తలకు పెట్టుకున్నాను.

లారీలు పోయాయి. బజారు పోయింది. మా కోసిగి ఇల్లు వచ్చింది.

పోగు మోసే నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పరుగెత్తడం విన్నాను. నాన్న కాలు కింద తొక్కుడు చెక్క కిర్రుమంది. అమ్మ రాట్నం, అమ్మ గాజులు, చరణానికీ చరణానికీ మధ్య అమ్మ ఊపిరి. ఏది దాని చోట అది ఉంది. వాటి నడుమ అమ్మ పాడుతోంది, నేను గడప మీద కూర్చుని వింటున్నంత దగ్గరగా. కళ్లు తెరిస్తే పోతుందేమోనని గట్టిగా మూసుకున్నాను.

పోగు తెగే చోటు వచ్చింది. మగ్గం ఆగింది. అలవాటుగా నా చెయ్యి బటన్ కోసం వెతికింది గానీ, రికార్డరు బల్లకు అవతల ఉంది. షాపతను ఇంకో బేరం చూసుకుంటున్నాడు. గత్యంతరం లేక బుస్సుమనే శబ్దాన్నే వింటూ ఉండిపోయాను. ఆ శబ్దం లోపల, అడుగున ఎక్కడో, మనుషులు మాట్లాడుకుంటున్నారు.

"ఇది ఆ పిల్లకి ఇనపడతాదంటావా?" అమ్మ. "ఆడ మూడు మగ్గాలు ఆడతాంటాయి."

"ఉండు, పోగు ఏస్తాండా." నాన్న. తర్వాత, "ఇనపడతాది లే. నువ్వు పాడు."

"ఇనపడకుంటే?"

మగ్గం మొదలైంది. అమ్మ ఎత్తుకుంది, అంతకు ముందుకంటే గట్టిగా, గొంతు చిరిగేలా. అలసిపోయి కాదు. మా ఇంటి మూడు మగ్గాల మీదుగా నాకు వినపడాలని.

"ఇనపడతాందమ్మా! ఇనపడతాంది!" అన్నాను. చెవులు మూసుకుని ఉన్నాను కదా, ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు. కళ్లు తెరిచేసరికి షాపులో వాళ్లందరూ బేరాలు ఆపేసి నన్నే చూస్తున్నారు. బయట ఒక హమాలీ మూటతో సహా నిలబడిపోయాడు. మా ఆయన దగ్గరికి వచ్చి, ఒక పక్క గిన్నె కొంచెం ఎత్తి తన చెవి ఆనించి విన్నాడు. ఆయనకు ఏం వినపడిందో నాకు తెలియదు. నా ముఖం చూసి, "అన్నా, ఆ పాతదే కట్టియ్యి. ఆ డబ్బా కూడా" అన్నాడు. షాపతను తన జత పోతున్నందుకు కొంచెం బాధపడ్డాడు గానీ ఇచ్చాడు.

ఆ ఏడు వేసవి ఫ్యాను లేకుండానే గడిచింది. విసనకర్ర తీసుకున్నప్పుడల్లా మా ఆయన నావైపు ఒక చూపు చూసేవాడు.

ఇక అమావాస్యతో పని లేకపోయింది. మామూలు రోజుల్లోనే, ఇంట్లో మూడు మగ్గాలూ ఆడుతూ ఉంటే, నేను కండెలు చుట్టుకుంటూ అది తలకు తగిలించుకునేదాన్ని. ఆ చోటు వచ్చినప్పుడు ముందుకు తిప్పడం మానేశాను. అమ్మ అడిగినప్పుడల్లా జవాబు చెప్పేదాన్ని. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అది ఆమెకు వినపడి ఉంటే చాలని ఇప్పటికీ అనిపిస్తుంది. గట్టిగానే చెప్పేదాన్ని. మా వీధిలో ఎవరు అరిచినా ఎవరూ తిరిగి చూడరు.