బాలప్ప నాలుగు సాళ్లు

1974 వానాకాలానికి ముందు నన్ను వికారాబాద్‌లోని గ్రామసేవకుల శిక్షణ కేంద్రానికి బోధకుడిగా వేశారు. ఊళ్లు తిరిగి రైతులకు కొత్త విత్తనాల సంగతి చెప్పేవాడు గ్రామసేవకుడు. మా శాఖలో అట్టడుగు మెట్టు. శిక్షణకు వచ్చినవాళ్లకు పాఠాలు నోటికొచ్చేవి, రైతుతో మాట్లాడటం మాత్రం వచ్చేది కాదు. అందుకని ఒక ఆట కల్పించాను. బల్ల మీద సుద్దతో తాండూరు పక్క ఊరొకటి గీసేవాణ్ని. ఒకరు గ్రామసేవకుడు, మిగతావాళ్లు రైతులు. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అంత వాన. ఒక్కో ఆట ఒక్కో పంటకాలం. పోయిన కాలంలో జరిగింది ఎవరూ మరవకూడదన్నదే నియమం.

కొడంగల్ వైపు నుంచి వచ్చిన ఖాజా మియా నోరు విప్పేవాడు కాదు. చివరి ఆట ప్రిన్సిపాల్ గారి ముందు ఆడాలి; అందులో తప్పితే ఉద్యోగం లేనట్టే. అతనికి బాలప్ప అనే రైతు పాత్ర ఇచ్చాను. ఏం చెప్పినా బాలప్ప "అట్లనే సారు" అనేవాడు.

"ఖాజా భాయ్, నీ బాలప్ప కన్నా వాని ఎద్దు నయం. అదన్న జర మొండికేస్తది" అని తోటివాళ్లు ఏడిపించారు.

బాలప్పకు ఒక ఇష్టం, ఒక భయం ఇవ్వమన్నాను. మర్నాటికి బాలప్పకు మల్లమ్మ అనే భార్య వచ్చింది. ఇష్టమూ ఆమే, భయమూ ఆమే. ఒకప్పుడు ఆమె మాట కాదని కొత్త విత్తనం వేసి పంట పోగొట్టుకున్నాడట. అందరం నవ్వాం. ఆ రోజు నుంచి కొత్త కంది వేయమంటే బాలప్ప "చూస్త తియ్ సారు" అనసాగాడు. గ్రామసేవకుడిగా ఆడుతున్న కోస్తా కుర్రాడు దాన్ని ఒప్పుకున్నట్టు రాసుకున్నాడు. తీరా బాలప్ప చేలో పాత జొన్నే మొలిచేసరికి తగువుకొచ్చాడు. తమ దిక్కు 'చూస్త' అంటే వద్దని అర్థమనీ, మొహం మీద వద్దనడం మర్యాద కాదనీ ఖాజా చెప్పాడు. ఆ కాలం ఆటలో బాలప్ప పక్క చేలో కొత్త కంది విరగకాసింది.

చివరి రోజు ప్రిన్సిపాల్ గారు తానే గ్రామసేవకుడిగా కూర్చున్నారు. పొలమంతా కొత్త కందే వేయమన్నారు.

"చూస్త తియ్ సారు."

ఆయన తాండూరులో పనిచేసిన మనిషి. "అంటే వద్దనేగా?" అన్నారు. ఖాజా తనుగా కాక బాలప్పగానే జవాబు చెప్పాడు.

"మీరు బదిలీ మీద పోతరు సారు. నేను మల్లమ్మ ముంగట ఈడనే ఉండాలె." ఆపైన, "పోయినేడు పక్క చేన్ల కాత చూసిన. నాలుగు సాళ్లు ఏస్త. పండకుంటే ఆమెకు జవాబు మీరే చెప్పుకోండ్రి" అన్నాడు.

ప్రిన్సిపాల్ గారు పకపకా నవ్వి, మల్లమ్మ ముందుకు మాత్రం తాను రానన్నారు. ఖాజాను అక్కడికక్కడే ఉత్తీర్ణుణ్ని చేశారు.

మనం చెప్పినందుకు పాత్ర మారదు, దానికి జరిగినదాన్ని బట్టి మారుతుంది. రైతు కూడా అంతేనని నేను నేర్చుకున్నది ఆ బల్ల దగ్గరే.