గుర్రానికి వంతు ఎవరు పెట్టారు

అక్క పోయిందన్న కబురు నాకు నాయుడుపేట సంతలో తెలిసింది. రొయ్యల తట్ట ముందు పెట్టుకుని బేరంలో ఉన్నాను. మా ఊరి ఆమె ఒకతె జనాన్ని తోసుకుంటూ వచ్చి, "ఇంకా ఈడే కూర్చోనుండావా మే, మీ అక్క పొద్దున్నే పోయింది" అంది. తట్ట ఎవరికి అప్పగించానో గుర్తులేదు. బస్సెక్కాక చూసుకుంటే చేతిలో రొయ్యలు అలాగే ఉన్నాయి. నెల కావస్తోంది. ఇప్పటికీ బేరం కుదిరేముందు, అక్క ఏమంటుందోనని పక్కకి తిరిగి చూస్తున్నాను.

అక్క అంటే తోడబుట్టినది కాదు. మా బావగారి భార్య, నాకు తోడికోడలు. మా ఊరు చిట్టమూరు దాటి, పులికాట్ సరస్సు గట్టున ఉంది. నేను ఎనిమిదో తరగతి చదివి, చేపను పట్టుకోవడం కూడా రాకుండా ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. చదువుకున్న పిల్ల వచ్చింది గనక ఇక చేపలు వాటంతటవే పడవలోకి దూకుతాయని అక్క మొదటి రోజే నన్ను ఆటపట్టించింది. రెండో రోజు నుంచి పని నేర్పింది. ఎండు చేపకు ఉప్పు పట్టిందో లేదో నాలిక కొసతో చూసేది. పచ్చి చేపైతే మొప్ప ఎత్తి చూడందే తట్టలో వేయనిచ్చేది కాదు. "చేప ఎట్టుందో అమ్మేవాణ్ణి అడగబాక. మొప్పని అడుగు" అనేది. మనుషుల విషయంలోనూ ఆమెకు అదే అలవాటు. ఎవరైనా తియ్యగా మాట్లాడితే ఆమె మొహం ముడుచుకునేది.

మా నీళ్ళ సంగతి మీకు కొంచెం చెప్పాలి. లేకపోతే మా బావగారి తెలివితక్కువతనం మీకు అర్థం కాదు. సరస్సులో అన్ని చోట్లా ఒకేలా చేపలు పడవు. సముద్రపు నీళ్ళు లోపలికి వచ్చే మొగ దగ్గర రొయ్య దండిగా పడుతుంది. దూరంగా పోయినకొద్దీ నాచు తప్ప ఏమీ ఉండదు. అందుకని కార్తీకంలో ఊరంతా కూర్చుని, అందరి ముందు చీట్లు తీసి, ఎవరు ఏ రోజు ఎక్కడ వల వేయాలో వంతులు పెట్టుకుంటారు. ఈ రోజు నాచు వచ్చినవాడికి ముందో వెనకో మొగ దగ్గరి చోటు వచ్చి తీరుతుంది. ఓపిక పడితే చాలు. మా మగవాళ్ళు పుట్టినప్పటినుంచీ దీన్నే చూస్తూ పెరిగారు. లోకమంతా ఇలాగే నడుస్తుందనుకున్నారు పాపం.

బావగారు ఒకసారి రొయ్యలు వేసుకుని మద్రాసు వెళ్ళినప్పుడు ఎవరో ఆయన్ని గిండీలో గుర్రప్పందేలకు తీసుకుపోయారు. ఆ పూట ఏదో కాస్త గెలిచాడు. అక్కకు చీర తెచ్చాడు. అప్పటికి అంతే అనుకున్నాం. ఆ పై చలికాలం మద్రాసు నుంచి ఒకాయన మా గట్టు ఊళ్ళకు రావడం మొదలుపెట్టాడు. తెల్లటి పంచె, నుదుట విభూతి. ఏ గుర్రం గెలుస్తుందో తనకు ముందే తెలుస్తుందట. మనిషికి ఇంత అని తీసుకుని, ఒక్కొక్కణ్ణీ విడిగా పిలిచి, చెవిలో గుర్రం నంబరు చెప్పేవాడు. గెలిస్తే పదోవంతు ఆయనకివ్వాలి. నంబరు బయటపెట్టనని పోలేరమ్మ మీద ఒట్టు వేయాలి. బయటపెడితే గుర్రం కాలు తడబడుతుందట.

ఒట్లు వేసింది మగవాళ్ళు. కానీ నాయుడుపేటలో పైకి సోడాకొట్టులా కనపడే చోట పందెం కట్టి రావలసింది మేము. వాళ్ళు నీళ్ళ మీద ఉంటారు, రోజూ సంతకు పోయేది ఆడవాళ్ళం. అందుకని పందెం ఉన్న ఆ శనివారం మా అందరి కొంగుల్లోనూ తలా ఒక నంబరు, తలా కొంత డబ్బు ఉన్నాయి. దారిలో తట్టలు దించుకున్న చోట అక్క ఒక్కొక్కరినీ అడిగింది. ముందు ఎవరూ నోరు విప్పలేదు. మీరు ఒట్టు వేయలేదు కదా, వేసినవాడే మీకు చెప్పాడు కదా అని అక్క అనేసరికి, నవ్వుకుంటూ ఒక్కొక్కరే చెప్పారు. ఆ పందెంలో పరిగెత్తే గుర్రాలన్నీ మా మధ్యే ఉన్నాయి. ఒక్క నంబరు కూడా మిగల్లేదు.

"అయితే ఎవరో ఒకరిది గెలుస్తుంది గదా అక్కా" అంది ఒకామె.

"గెలుస్తుంది. అందుకే గదా అన్నీ పంచినాడు" అంది అక్క. "ఓడినోళ్ళు మళ్ళా వాడి మొహం చూడరు. గెలిచినోడు వాడి కాళ్ళకు మొక్కుతాడు. వాడికి ఆ ఒక్కడు చాలు."

చాలామంది ఆ డబ్బు తిరిగి ఇంటికి తీసుకుపోయారు. నేనూ తీసుకుపోయాను. మా ఆయన నంబరు ఓడిపోయింది గనక నన్ను ఏమీ అనలేదు. ఆ తర్వాత ఆయన గుర్రం మాట ఎత్తలేదు. ఈ రోజు మా ఇంటి మీద కప్పు ఉందంటే అది అక్క ఆ దారిలో అడిగిన ప్రశ్న వల్లే. అక్క కూడా పందెం కట్టలేదు. గెలిచింది మాత్రం మా బావగారి నంబరు.

నేను దేవుణ్ణి నమ్మేదాన్నే, కానీ ఆ రోజు ఆయన చేసిన పని నాకు నచ్చలేదు. అక్క జరిగిందంతా భర్తకు విడమరచి చెప్పింది. ఊళ్ళో ఇంటింటికీ ఒక నంబరు చొప్పున పోయిందని సాక్షులను కూడా పిలిచింది. ఆయన అంతా విని ఒకే మాట అన్నాడు.

"అందరికీ అబద్ధం చెప్పినాడు. నాకు నిజం చెప్పినాడు. నువ్వు చేతులారా పోగొట్టినావు."

ఇక ఆ మనిషికి ఏం చెప్పినా ఎక్కలేదు. ఆ తర్వాత ఆయన పందేలకు అక్కను పంపడం మానేసి తనే పోవడం మొదలుపెట్టాడు. విభూతి ఆయన చెప్పిన నంబర్లు వరసగా ఓడాయి. అప్పటికైనా కళ్ళు తెరుస్తాడనుకుంటే, బావగారు సొంతంగా ఒక పద్ధతి కనిపెట్టాడు. ఒకే గుర్రాన్ని పట్టుకోవాలి. ఓడినకొద్దీ పందెం రెట్టింపు చేయాలి. గెలిచిన రోజు పోయినదంతా వచ్చి పైన మిగులుతుంది. కాగితం మీద ఆ లెక్క వేసి నాకు చూపించాడు. నా ఎనిమిదో తరగతి లెక్కలకు అందులో తప్పు కనపడలేదు. అక్క కాగితం వైపు చూడను కూడా లేదు. గెలిచేదాకా పెడుతూ పోవడానికి మన దగ్గర ఏముందని అడిగింది. ఎక్కువ రోజులు పట్టదు, ఇన్నిసార్లు ఓడిన గుర్రానికి వంతు దగ్గర పడతా ఉందని ఆయన జవాబు.

అప్పుడు అక్క అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "మన నీళ్ళల్లో వంతు మనుషులు పెట్టుకున్నది. కొట్టుకుని, తిట్టుకుని, చివరికి ఒప్పుకుని పెట్టుకున్నది. గుర్రానికి ఎవరు పెట్టినారు? నిన్న ఓడినానని దానికి గుర్తుంటాదా?"

అన్నీ మోసమేనని ఆమె అనలేదు. గుర్రానికి గడ్డి వేసేవాడికి, దాన్ని రోజూ తోలేవాడికి కొంత తెలిసే ఉంటుందని ఒప్పుకునేది. కానీ ఆ తెలిసింది మా గట్టు దాకా వచ్చేసరికి మద్రాసంతా తెలిసిపోయి ఉంటుంది. అందరూ దాని మీదే కడితే గెలిచినా చేతికి వచ్చేది చిల్లరే. రొయ్య దండిగా పడిందని తెలిసిన రోజు సంతలో ధర ఎలా పడిపోతుందో అలాగే అనేది. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పగా నేను వినలేదు. విని బాగుపడవలసినవాడు మాత్రం వినలేదు.

ముందు వలలు పోయాయి. తర్వాత పడవ పోయింది. పడవ అమ్మేశాడని, కొన్నవాడు వచ్చి తోలుకుపోతుంటే గాని అక్కకు తెలియలేదు. ఆ వారంలోనే వాళ్ళ ఇంటికి మొగ దగ్గరి చోటు వచ్చింది. ఆ ఏడు రొయ్య పడినట్టు మళ్ళీ ఎప్పుడూ పడలేదు. మా కట్టుబాటు ప్రకారం వంతు ఇంకొకరికి ఇవ్వకూడదు, అమ్మకూడదు. వేయకపోతే పోయినట్టే. ఎవరి పడవలు వాళ్ళ చోట్ల వల వేస్తున్నాయి గనక అరువు ఇచ్చేవాళ్ళు లేరు. అంత నీళ్ళలో ఆ ఒక్క చోటు ఖాళీగా ఉంది. బావగారు గట్టున గొంతు కూర్చుని పొద్దు గుంకేదాకా అటే చూశాడు. మర్నాడు, పడవ తెస్తానని చెప్పి రైలెక్కాడు. తిరిగి రాలేదు.

అక్క ఏడవలేదు. చీర ఎగ్గట్టి, తాటాకు బుట్ట పళ్ళ మధ్య పట్టుకుని, నడుంలోతు నీళ్ళలోకి దిగింది. కాళ్ళతో, చేతులతో బురద తడిమి ఒక్కొక్క రొయ్యా ఏరింది. మాలో ఆడవాళ్ళు అలా నీళ్ళలోకి దిగరు. ఊరు నాలుగు మాటలు అంది. అప్పటికి చిన్నపిల్లవాడైన కొడుకు పెరిగి వల పట్టేదాకా ఆ ఇంటి వంతు నిలిపి ఉంచమని పెద్దలను ఒప్పించుకుని, వాడికి పడవ కొనడం కోసం ఏళ్ళ తరబడి అలా దిగుతూనే ఉంది. కాళ్ళు ఉప్పునీటికి నాని పుండ్లు పడ్డాయి. "నేను ఆ రోజు పందెం కట్టుంటే ఆయన ఉండేవాడంటావా మే" అని ఒకసారి నన్ను అడిగింది. వెంటనే తనే అంది. "లేదులే. గెలిచుంటే పడవ ఇంకా ముందే పోయుండేది."

ఒకసారి నన్ను తోడు తీసుకుని మద్రాసు వెళ్ళింది. ఎవరో చెప్పిన ఆనవాలు పట్టుకుని గిండీ గేటు దగ్గర నిలబడ్డాం. బావగారు కనిపించాడు. తెల్లటి పంచె కట్టుకున్నాడు, నుదుట విభూతి పెట్టుకున్నాడు. ఊరినుంచి వచ్చిన రైతులాంటి ఒకణ్ణి పక్కకు పిలిచి, చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెబుతున్నాడు. ఆ తర్వాత ఇంకొకణ్ణి పిలిచాడు. అక్క కాసేపు చూసి, "బతికే ఉండాడు, చాలు. రా పోదాం" అంది.  ఇంటికి రాగానే కొడుకుతో, మీ నాయన హార్బర్లో కూలిపని చేస్తున్నాడని చెప్పింది. ఆమె అబద్ధం చెప్పగా నేను విన్నది అదొక్కసారే.

పడవ కొంది. కొడుకు వల పట్టాడు. కొన్నాళ్ళు ఆ ఇంట్లో వేళకు పొయ్యి వెలిగింది. కొడుకు శనివారాలు నాయుడుపేట పోతే మాత్రం అక్కకు అన్నం సహించేది కాదు. వాడు వచ్చేదాకా గుమ్మంలో కూర్చునేది. వచ్చాక జేబు చూసేది కాదు, మొహం చూసేది. ఈ పుష్యంలో జ్వరం వచ్చి, కాళ్ళ పుండ్లు తిరగబెట్టి, అక్క వెళ్ళిపోయింది.

కబురు పంపితే పెద్దదినం నాటికి బావగారు వచ్చాడు. ముసలివాడైపోయాడు. హార్బరు మాట అబద్ధమని ఊరి కుర్రాళ్ళు కొడుక్కి ఎప్పుడో చెప్పేసినట్టున్నారు. పిండాలు నీళ్ళలో వదిలి, ఇంకా తడిబట్టలతోనే వాడు తండ్రి పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. నేను దగ్గరలోనే గిన్నెలు తోముతున్నాను.

"నాయనా, ఈ శనివారం ఏది?" అని అడిగాడు.

బావగారు నీళ్ళవైపు తిరిగాడు. "నాకు తెలీదురా. ఎప్పుడూ తెలీలేదు" అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. ఈ మాట ఆయన నోటినుంచి వినడానికి అక్క ఇంకొక్క నెల ఆగకూడదా అనిపించింది. ఇన్నేళ్ళకు ఆ ఇంటికి పట్టిన పీడ విరగడైందనుకున్నాను. తమాయించుకుని లేచేసరికి కొడుకు నా దగ్గరికి వచ్చాడు. వాడి కళ్ళు మెరుస్తున్నాయి.

"చూసినావా చిన్నమ్మా, కన్నకొడుక్కి కూడా చెప్పడంట. అంత గట్టి మనిషి. కూడా పోయి కొన్నాళ్ళుంటే గాని బయటపెట్టడు."

నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. అక్క చెప్పినవన్నీ చెప్పాను, సంత దారిలో నంబర్లు పంచుకున్న సంగతి కూడా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. అమ్మకు తెలియదులే చిన్నమ్మా అన్నాడు. సాయంత్రం బావగారు వద్దు వద్దంటున్నా వినకుండా ఆయన సంచి లాక్కుని భుజాన వేసుకుని, బస్సు రోడ్డు వైపు ఆయన వెనకే నడిచాడు. మర్నాడు ఆ ఇంటికి మొగ దగ్గరి వంతు. వల అప్పటికే పడవలో సర్ది ఉంది. నీళ్ళు పోటెత్తి పడవ తాడును లాగుతుంటే, దాన్ని పట్టుకుని నేనొక్కదాన్నే నిలబడ్డాను.